మామ్మ చీరల బొంత: శ్రీకాకుళం చేతికుట్టుకి పదికి ఎనిమిది

ఇంట్లో పెద్దావిడ పోయాక పట్టుచీరల పంపకానికి పెద్ద తగువుండదు. కూతుళ్లూ కోడళ్లూ తలోటి తీసుకుంటారు. చిక్కంతా నేతచీరలతోనే. రోజూ కట్టి, ఉతికి, వెలిసి మెత్తబడిన ఆ పది పన్నెండు చీరలు ఇంక ఎవరూ కట్టరు, ఎవరికీ ఇవ్వబుద్ధీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాటికి ఓ పాత దారి ఉంది, బొంత కుట్టించడం. పసిపిల్లల కిందకి పాత చీరల బొంతే మెత్తన అన్నది ఇక్కడ తరాల మాట. ఇప్పుడదే పనిని పోయిన అమ్మ గుర్తుగా, మామ్మ గుర్తుగా చెప్పి మరీ చేయించుకునేవాళ్లున్నారు. చీరలు మనమిస్తే బొంత కుట్టిచ్చే పల్లెటూరి చేతిపని ఎలా ఉంటుంది, ఎక్కడ చెడుతుంది, డబ్బు దేనికి పోతుంది అన్నదే ఈ సమీక్ష.

ముందే తీర్పు చెప్పేస్తే పదికి ఎనిమిది. ఆ రెండు మార్కులు పోయింది సూది వల్ల కాదు, కత్తెర వల్ల.

బొంత కుట్టేవాళ్లకి మంచి గుడ్డ, పాడైన గుడ్డ అని రెండే లెక్కలు. చినిగిన చోటు, పీలిన చోటు, మరక పడ్డ చోటు కోసి పక్కన పడేసి మిగిలినదాన్నే బొంతలో వేస్తారు. మామూలు బొంతకి అది తెలివైన పనే. గుర్తుగా కుట్టించే బొంతకి మాత్రం అదే ముంచుతుంది, ఎందుకంటే ఆ మనిషి బతుకంతా ఉన్నది సరిగ్గా ఆ పీలిన చోట్లలోనే. కొంగు మూల తీసుకోండి. చిల్లర, తాళంచెవి ముడేసి ముడేసి ఆ మూల పోగులు సాగిపోయి, గుడ్డ వలలా అయిపోయి ఉంటుంది. మనవలకి అణా, పావలా, తర్వాత రూపాయి బయటికొచ్చింది అక్కణ్నుంచే. కుట్టేవాళ్ల కంటికి మొదట కోసెయ్యాల్సిన ముక్క అదే. "ఇది పీలికైపోనాది గదమ్మా, తీసీమంటావేటి?" అని అడిగేవాళ్లు కొందరు, అడక్కుండానే తీసేసేవాళ్లు ఎక్కువమంది. అందుకే చీరలు ఇచ్చేటప్పుడే ఉంచాల్సిన మూలల చుట్టూ ఎర్రదారంతో నాలుగు టాకాలు వేసి, "పిన్నీ, ఎర్రదారం ఉన్నచోట కత్తెర పెట్టొద్దు" అని చెప్పాలి. నోటి మాట ఒక్కటే సరిపోదు. చీరలు అందుకున్న చేయి ఒకటి, కోసే చేయి ఇంకొకటి కావచ్చు.

అలాంటి మూల నిలవాలంటే వెనక మల్లు గుడ్డ ముక్క వేసి, పీలిన పోగుల మీదుగా అడ్డంగా చిన్న చిన్న కుట్లు వెయ్యాలి. అంత ఓపిక లేకపోతే ఆ మూలని బొంత అడుగున బయటివైపు చిన్న జేబులా కుట్టించుకోండి. జేబుకి రెట్టింపు గుడ్డ పడుతుంది కాబట్టి పాత మూల లోపలి పొరగా ఉండి, పైన గట్టి గుడ్డ వస్తుంది.

ఉయ్యాల కట్టిన చీర సంగతి కూడా ఇలాంటిదే. దూలానికి ముడిపడిన చోట, పసిబిడ్డ బరువు ఆగిన మధ్యలో, పోగులు బాగా అలిసిపోయి ఉంటాయి. ఈ చీరని పై పొరకి వాడితే ఏడాదిలో అక్కడే చిరుగుతుంది. రెండో పొరగా, అంటే పై గుడ్డకి సరిగ్గా కిందన వేయించండి. కనిపించదు నిజమే, పడుకున్నప్పుడు ఒంటికి దగ్గరగా ఉండేది మాత్రం అదే.

ఇక మధుపర్కాలు. పెళ్లినాటి తెల్లచీర పసుపు మరకలతో, పెట్టె అడుగున మడతల్లో దొరుకుతుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే మడత గీతల వెంట నూలు పెళుసెక్కుతుంది, కాబట్టి గీత మీద కొయ్యనివ్వకండి, కుట్టు వరస కూడా గీత మీద పోనివ్వకండి. పసుపు ఎండకి వెలిసిపోతుంది. సబ్బు తగిలితే ముందు ఎర్రబడి, నీళ్లలో జాడించగానే మళ్లీ పసుపు రంగుకి వస్తుంది. ఎర్రబడింది కదాని కంగారుపడి బ్లీచింగు వేసినవాళ్లకి మరక పోవడంతో పాటు గుడ్డ కూడా పోతుంది. మధుపర్కం ముక్కని అడుగు పొరలో, ఎండ నేరుగా పడని వైపు పెట్టించడం నయం.

ఏ చీర పనికొస్తుందో ఇప్పుడు చూద్దాం. వందసార్లు ఉతికిన నేతచీరని మించింది లేదు. అది కుంచించుకోవాల్సినంత ఎప్పుడో కుంచించుకుపోయింది, వదలాల్సిన రంగు ఎప్పుడో వదిలేసింది. పొందూరు సన్న ఖద్దరు దొరికితే అదృష్టమే. ఏకడానికి ముందు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, 100 కౌంటు దాకా సన్నగా తీసే నూలు అది. పాతబడేకొద్దీ మెత్తదనం పెరుగుతుంది. కానీ సన్నన కాబట్టి బరువు మొయ్యలేదు. ఖద్దరుని పైన వేసి, కింద మూడు పొరలూ కాస్త ముతక నేతవి పెట్టాలి. ఫుల్ వాయిల్ చీరలు మధ్య పొరలకి బాగుంటాయి. పాలిస్టర్, నైలాన్, జార్జెట్ మాత్రం వద్దు. సూది కింద జారతాయి, చెమట పీల్చవు, మన కోస్తా ఉక్కలో ఆ బొంత మీద వీపు ఆనించలేం. అమ్మకి ఆ జార్జెట్ చీరంటే ప్రాణం అంటారా, దాన్ని దిండు గలేబు చేయించండి.

పట్టు విషయంలో మొహమాటపడకూడదు. పట్టుచీర వేస్తే బొంత ఇంట్లో ఉతకడానికి పనికిరాకుండా పోతుంది. పాత పట్టు మడతల దగ్గర చీలుతుంది, జరీ పసిపిల్లల ఒంటిని గీరుతుంది. నిజానికి పెళ్లిళ్లకి నాలుగుసార్లు కట్టిన పట్టుచీరకన్నా, పొయ్యి దగ్గర కొంగుతో గిన్నె దించిన నేతచీరలోనే మనిషి ఎక్కువుంది. పొయ్యి మంట రవ్వ పడి కాలిన చిల్లు ఉందనుకోండి, దాన్ని మూయించకుండా వెనక తెల్లగుడ్డ వేసి అంచు మాత్రం కుట్టించండి. ఈ సలహాతో అందరూ ఏకీభవించకపోవచ్చు.

చీరలు ఇచ్చేముందు ఇంట్లో చెయ్యాల్సిన పని ఉంది. మొదట ఫాలు విప్పాలి. కుచ్చెళ్ల అంచున లోపలివైపు కుట్టిన ఆ పట్టీ అలాగే ఉంటే బొంతలో నాలుగంగుళాల వెడల్పున మందంగా కట్ట పడుతుంది, పైగా ఫాలు గుడ్డ, చీర ఒకేలా కుంచించుకోవు కాబట్టి అక్కడ ముడతలు లేస్తాయి. తర్వాత గంజి పూర్తిగా వదలగొట్టాలి, రెండు నీళ్లలో నానబెట్టి జాడించాలి. గంజి మిగిలిన గుడ్డకి వెండిపురుగు తప్పదు. ఆ తర్వాత రంగు పరీక్ష. తెల్లగుడ్డని తడిపి ముదురు ఎర్ర, నీలం చీరల మీద గట్టిగా రుద్ది చూడండి. రంగంటితే ఆ చీరని విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకాలి. ఉప్పు నీళ్లలో ముంచితే రంగు ఆగిపోతుందన్న నమ్మకం మీద ఖద్దరు పక్కన ఎర్రచీర పెట్టకండి. అడుగుకి కొత్త మల్లు గుడ్డ కొంటే (విజయనగరం గంటస్తంభం దగ్గర బజారులోగానీ, శ్రీకాకుళం జీటీ రోడ్డు దుకాణాల్లోగానీ అడగండి) దాన్ని కూడా ఒకసారి ఉతికి ఆరేసి ఇవ్వాలి. కొత్త గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుని, పైనున్న పాత చీరని బుడగల్లా పైకి తేలుస్తుంది. బొంత పాడైందని కుట్టినావిడని తిట్టే సందర్భాల్లో తప్పు చాలాసార్లు ఈ గుడ్డదే.

ఉతికితే అమ్మ వాసన పోతుంది కదా అని ఆగిపోయేవాళ్లుంటారు. ఉతక్కుండా కుట్టిస్తే చెమట, కొబ్బరినూనె మరకలు పసుపు పచ్చగా మారి, పురుగుని పిలుస్తాయి. ఆ వాసనా ఎలాగూ ఉండదు. ఒక్క జాకెట్టు మాత్రం ఉతక్కుండా మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో విడిగా పెట్టుకోండి.

ఎప్పుడు కుట్టించాలన్నది ఇంటింటికీ మారుతుంది. సంవత్సరీకం దాటేదాకా పెట్టె ముట్టుకోమనే ఇళ్లున్నాయి, కర్మ రోజులు పూర్తయితే చాలనే ఇళ్లూ ఉన్నాయి. ఆగేవాళ్లు చీరల్ని ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత పంచెలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టాలి. ఎండిన వేపాకు చాలు. కలరా ఉండలు వేసినా జరీకి తగలకూడదు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ లాంటి తుపానులో పెట్టె తడిసుంటే చీరల మడతల్లో నల్లచుక్కల బూజు చూడండి. ఆ చుక్కలు గుడ్డలోకి దిగిపోతే ఉతికినా పోవు. ఎండలో బాగా ఆరబెట్టి, లాగి చూసి, పోగు ఆగితేనే లోపలి పొరకి ఇవ్వండి.

కొలతల దగ్గర చాలామంది గుడ్డిగా ఒప్పుకునేస్తారు. సాధారణ చీర పొడవు ఐదున్నర మీటర్లు, పన్నా 45 అంగుళాలు. మూడుగా కోస్తే ఆరడుగుల ముక్కలు మూడొస్తాయి. రెండు ముక్కలు పక్కపక్కన అతికితే ఆరు అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. డబుల్ మంచానికి ఒక పొర అన్నమాట. నాలుగు పొరల బొంతకి ఎనిమిది ముక్కలు కావాలి, అంటే మూడు చీరలు, ఒక ముక్క మిగులు. బరువు కిలోన్నర అటూఇటూ. ఐదు పొరలు దాటితే చేతి సూది సాఫీగా దిగదు, కుట్టు పైన సమంగా కనిపించినా అడుగున పొరని అందుకోదు. ఆరు పొరలు కావాలని పట్టుబట్టకండి.

కూలి గురించి. ధర బొంతకింత అని చెబుతారు, ఎవరూ గంటల లెక్క చెప్పరు. కాబట్టి బేరం ఆడాల్సింది రూపాయి మీద కాదు, వరస మీద. వరసకీ వరసకీ మధ్య అంగుళం ఎడం ఉంటే పైన చెప్పిన డబుల్ బొంతకి 90 వరసలు, ఒక్కోటి ఆరడుగులు, మొత్తం 540 అడుగుల కుట్టు. అలవాటైన చేతికి వరసకి 20 నిమిషాలు వేసుకున్నా 30 గంటల పని. దారం 200 మీటర్ల పైమాటే. అదే రెండంగుళాల ఎడం పెడితే పని సగానికి సగం తగ్గిపోతుంది. ఎవరైనా మరీ చౌకగా ఒప్పుకున్నారంటే అర్థం అదే. ఎడం పెరిగిన బొంత కొత్తలో చూడ్డానికి బాగానే ఉంటుంది. నాలుగు ఉతుకులయ్యాక లోపలి నలిగిన చీర జారి ఒక మూలకి ఉండకట్టుకుంటుంది. కొత్త గుడ్డకి రెండంగుళాలు పర్వాలేదు, పాత చీరకి అంగుళం దాటకూడదు. ఈ మాట మొదట్లోనే అనుకుని, పెన్సిల్‌తో నాలుగు గీతలు గీసి చూపించి ఇవ్వండి. బాల్‌పెన్నుతో గీయనివ్వకండి, తడి తగిలితే ఆ గీత పాకుతుంది.

దారం మనమే కొనివ్వడం మంచిది. నూలు దారమే కావాలి. పాలిస్టర్ దారం తెగదు, నిజమే. తెగాల్సింది దారం. లాగుడు పడినప్పుడు నూలు దారం తెగితే మళ్లీ కుట్టుకోవచ్చు. పాలిస్టర్ దారమైతే అది నిలిచి పాత గుడ్డ కోసుకుపోతుంది.

మంచి చేయి ఎలా ఉంటుందంటే, ముందు నేల తుడిచి అడుగు పొర పరిచి, నాలుగు మూలలా రాళ్లో పీటలో పెట్టి లాగి, ఒక్కో పొర వేస్తూ అరచేత్తో మధ్య నుంచి అంచులకి దులుపుతారు. తర్వాత టాకాలు, అవి కూడా మధ్య నుంచే బయటికి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ అంతా నడిమికి తోసుకొచ్చి అక్కడ మడత పడుతుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని కుట్టే బొంతలో ఒక తేడా పట్టి చూడండి: ఇద్దరి బిగువు ఒకటి కాదు. ఒక సగం మెత్తగా, ఇంకో సగం గట్టిగా వస్తుంది. వాడుకకి నష్టమేమీ లేదు. దాన్ని లోపమనడం అన్యాయం.

పట్నంలో టైలరు దగ్గర మిషను మీద కుట్టిస్తే రెండ్రోజుల్లో ఇచ్చేస్తారు. మిషను కుట్టు అంగుళానికి ఎనిమిది, పది పడుతుంది. నలిగిన నూలుగుడ్డ మీద అన్ని చిల్లులు వరసగా పడితే చించుకునే టికెట్టులా తయారవుతుంది, ఆ వరస వెంటే చిరుగుతుంది. పాదం కింద పై పొర ముందుకి జరిగి చివర్లో గుడ్డ మిగిలిపోవడం ఇంకో బాధ. అయితే ముక్కల్ని పక్కపక్కన అతకడానికి, చుట్టూ పట్టీ వెయ్యడానికి మిషనే నయం. అతుకులు మిషను మీద, పొరల కుట్టు చేత్తో, ఇదే సరైన పంపకం. పరుపుల దుకాణాల్లో దూది కూరి కుట్టేది రజాయి, దాన్ని ఉతకలేం. ఆన్‌లైన్లో చీరలు పంపించుకుని కుట్టేవాళ్లూ ఉన్నారు. పాలిస్టర్ దూది నింపుతారేమో ముందే కనుక్కోండి. మళ్లీ దొరకని చీరల్ని కొరియర్‌లో పెట్టడం ఎంతవరకు క్షేమమో ఎవరి గుండె ధైర్యం వారిది.

మనవలు ఎక్కువమంది ఉన్న ఇంట్లో ఒకే పెద్ద బొంత తగువులపాలవుతుంది. చీరని అడ్డంగా 18 అంగుళాల ముక్కలుగా కోస్తే ఒక్కోటి నుంచి పన్నెండొస్తాయి. మూడు చీరలు అలా కోసి, ప్రతి దాంట్లోంచి ఒక్కో ముక్క తీసి పక్కపక్కన అతికితే 45 అంగుళాల వెడల్పు, అతుకులు పోను సుమారు 52 అంగుళాల పొడవు. పసిపిల్లల బొంతకి పై పొర చక్కగా సరిపోతుంది. అంటే మూడు చీరలతో పన్నెండుమందికి, అందరికీ అవే మూడు చీరలు. కింద పొరలకి మిగతా చీరలో మల్లు గుడ్డో వేసుకోవచ్చు. కొంగు మాత్రం చీరకి ఒకటే, అది ఎవరికన్నది కోయకముందే తేల్చుకోవాలి.

పేరు కుట్టించడం మీద కొంచెం జాగ్రత్త. అడుగు మూల తెల్ల ఖద్దరు ముక్క మీద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు గొలుసుకుట్టుతో వేయిస్తారు. తెలుగు అక్షరం అంగుళం కంటే చిన్నదైతే ఒత్తులు, గుడులు ఒకదాన్నొకటి మింగేస్తాయి. "లక్ష్మి"లో మకారం కనిపించకపోతే ఇక ఆ పేరే కాదు. కాగితం మీద పెద్దగా రాసి, కార్బన్ పేపరుతో గుడ్డ మీదకి దించి ఇవ్వండి. కుట్టేవాళ్లలో చదువు రానివాళ్లు ఉంటారు, వాళ్లు గీతని గీతలాగే తు.చ. తప్పకుండా కుడతారు, తప్పంటూ ఉంటే మనం రాసిందే. ఏ ముక్క ఏ చీరది, ఎప్పటిది అన్నది బొంత మీద కుట్టించే ప్రయత్నం వద్దు. ఒక కాగితం మీద బొంత బొమ్మ గీసి, గళ్లలో "పెద్దోడి బారసాల", "ఆఖరి సంక్రాంతి", "రోజువారీ" అని రాసి, ఆ ముక్కలు గుర్తుపట్టగలిగే పెద్దవాళ్లు ఉన్నప్పుడే పూర్తి చేసి పెట్టుకోవాలి.

ఇవ్వాల్సిన అదను కూడా ఉంది. నాగావళి, వంశధార కాలవల కింద నాట్లప్పుడు, కోతలప్పుడు ఇస్తే చీరలు మూటలోనే ఉంటాయి. సంక్రాంతి వెళ్లాక ఇస్తే పని జరుగుతుంది. ఉద్దానం వైపైతే ఎండాకాలం జీడితోటల పని ఉంటుంది, అక్కడ ఆ అదనూ చూసుకోవాలి. వానాకాలంలో కుట్టిన బొంత తేమతో మడత పెట్టిస్తే ముక్కవాసన పట్టుకుంటుంది, తెచ్చిన రోజే ఎండలో వెయ్యండి.

ఉతకడం ఏడాదికి రెండుమూడుసార్లు చాలు. కుంకుడు రసంలోగానీ తేలిక సబ్బు నీళ్లలోగానీ అరగంట నానబెట్టి కాళ్లతో తొక్కాలి. మెలి తిప్పి పిండితే కుట్లు తెగుతాయి. నీళ్లు దానంతటవే కారేదాకా గట్టు మీద మడిచి వదిలెయ్యాలి. దండెం మీద ఒకే మడతగా వేలాడదీస్తే తడి బరువుకి సాగుతుంది. డాబా మీద పరిచి, మధ్యాహ్నం తిరగేసి, రెండో రోజు కూడా వెయ్యాలి. పైన చెయ్యి పెడితే పొడిగా ఉన్నా మధ్య పొర తడిగానే ఉంటుంది.

తెచ్చుకునేటప్పుడు బొంతని వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి. లోపల పొర మడతపడ్డ చోట నల్లటి పట్టీ కనిపిస్తుంది, అక్కడికక్కడే విప్పి సరిచేయించుకోవచ్చు. ఎర్రదారం పెట్టిన మూలలు లెక్కపెట్టుకోండి. లోపల సూది మిగిలిందేమో అరచేత్తో నొక్కుకుంటూ రండి, పసిపిల్ల పడుకోబోయేది దాని మీద. కోసేసిన పేలికలు, అంచులు, మిగిలిన తొమ్మిదో ముక్క అన్నీ అడిగి మూటకట్టి తెచ్చుకోండి. అడక్కపోతే అవి తలుపు దగ్గర కాళ్లు తుడుచుకునే గుడ్డలైపోతాయి. ఐదారేళ్లకి బొంత చిరిగినప్పుడు అతుకు వెయ్యడానికి ఆ చీర ముక్క బజారులో ఎక్కడా దొరకదు.